గోల్ఫ్ కర్ర పట్టు: చేతివిద్యా బోధనలో తెలుగు క్రియల పాత్ర

వ్యాససంగ్రహం:
గోల్ఫ్ ఆటలో మొట్టమొదట నేర్పే పాఠం కర్రను పట్టుకోవడం. బంతి ఎటు పోతుందన్నది చాలావరకు ఆ పట్టు మీదనే ఆధారపడి ఉంటుంది. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో ఈ ఆటకు మైదానాలు ఉన్నప్పటికీ దానిని వివరించే భాష మాత్రం దాదాపు పూర్తిగా ఇంగ్లీషుదే. గోల్ఫ్ కర్రను సరిగా పట్టుకునే విధానాన్ని తెలుగు మాటల్లో దశలవారీగా వివరించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. చేతివిద్యను నేర్పేటప్పుడు పేర్లను అరువు తెచ్చుకున్నా పని సాగుతుంది గానీ, క్రియలను అరువు తెచ్చుకుంటే పాఠంలోని సారమే జారిపోతుందని ఆ వివరణ ఆధారంగా నిరూపించడం రెండో ఉద్దేశం.

కీలకపదాలు: గోల్ఫ్, పట్టు, పిడి, కామ, పరిభాష, క్రియాపదాలు, బోధనాభాష, అమీర్‌పేట.

1. ఉపోద్ఘాతం:
ఖైరతాబాద్ నుంచి మాసాబ్‌ట్యాంక్, మెహదీపట్నం, టోలిచౌకి మీదుగా పడమరకు సాగితే గోల్కొండ కోట వస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో ఆ కోటకు తర్వాత చేర్చిన భాగాన్ని నయాఖిల్లా అంటారు. నేడు ఆ ప్రాకారాల నడుమ గోల్ఫ్ మైదానం ఉంది. గచ్చిబౌలి బండరాళ్ల మధ్య మరొకటి ఉంది. విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిదని చెబుతారు. దేశం మొత్తం మీద చూస్తే 1829లో ఏర్పడిన కలకత్తా క్లబ్ బ్రిటిష్ దీవుల వెలుపల అతి పాతదిగా పేరు పొందింది. అంటే ఈ ఆట మన దేశానికి వచ్చి రెండు వందల ఏళ్లు కావస్తున్నది. తెలుగునేలకూ ఇది నిన్నమొన్న వచ్చినది కాదు.

అయినా తెలుగులో గోల్ఫ్ గురించి రాసేవి ఎక్కువగా పోటీ ఫలితాల వార్తలే. ఆట ఎలా ఆడాలో చెప్పే రచన అరుదు. ఖరీదైన ఆట కనుక దీనికి తెలుగు అవసరం లేదన్న అభిప్రాయం ఇందుకు ఒక కారణం కావచ్చు. మైదానంలోకి వచ్చేవారందరూ సభ్యులే కారన్న సంగతిని ఆ అభిప్రాయం విస్మరిస్తుంది. గడ్డి కోసేవారు, సంచి మోసే క్యాడీలు, వారి పిల్లలు కూడా అక్కడే ఉంటారు. భారతీయ గోల్ఫ్ చరిత్రలో వారి వాటా చిన్నది కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి ఆ ఘనత సాధించిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడైన అలీ షేర్ క్యాడీగా మొదలైనవాడు. 2016, 2017 సంవత్సరాల్లో అదే టైటిల్‌ను వరసగా గెలిచిన చౌరాసియా, కలకత్తా మైదానంలో పచ్చికను చూసుకునే ఉద్యోగి కుమారుడు. ఇలాంటివారు ఆటను పుస్తకంతో కాక కంటితో, చేతితో నేర్చుకున్నారు. వారికి ఎవరైనా మాటతో నేర్పాలనుకుంటే ఏ భాషలో, ఏ మాటలతో నేర్పాలన్నది తెలుగు పరిశోధకులకు సంబంధించిన ప్రశ్నే.

2. పిడి, కామ, పట్టు:
ఇంగ్లీషులో ‘గ్రిప్’ అనే ఒకే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. కర్ర పైభాగాన తొడిగే రబ్బరు తొడుగూ గ్రిప్పే, దానిని చేతులతో పట్టుకునే తీరూ గ్రిప్పే. ‘గ్రిప్ మార్చు’ అని శిక్షకుడు అన్నప్పుడు తొడుగు మార్చాలో, చేతులు మార్చాలో కొత్తవారికి వెంటనే తెలియదు. ‘క్లబ్’ విషయంలోనూ ఇదే చిక్కు: ఆడే సాధనమూ క్లబ్బే, ఆడించే సంస్థా క్లబ్బే. వాడుకలో చాలామంది ‘స్టిక్’ అనడానికి ఇదొక కారణం కావచ్చు. ఇప్పటి సాధనాలు ఉక్కుతోనో గ్రాఫైట్‌తోనో తయారైనవే అయినా, ‘హాకీ కర్ర’ అన్నట్టుగా ‘గోల్ఫ్ కర్ర’ అనడంలో ఇబ్బంది లేదు.

తెలుగులో ఈ తేడాలకు వేర్వేరు మాటలు సిద్ధంగా ఉన్నాయి. కత్తికి, కొడవలికి ఉండేది ‘పిడి’. పారకు, గొడ్డలికి కన్నంలో దూర్చి బిగించే పొడవాటి కర్ర ‘కామ’. ఆ పిడినో కామనో చేయి అందుకునే తీరు ‘పట్టు’. గోల్ఫ్ కర్రకు ఈ మాటలను అన్వయిస్తే, బంతిని తాకే బరువైన భాగం తల, ఆ తలలో బంతికి ఎదురుగా నిలిచే చదునైన పక్క ముఖం, తలను చేతులతో కలిపే పొడవాటి కడ్డీ కామ, కామ పైభాగంలో తొడుగు ఉన్న చోటు పిడి అవుతాయి. పట్టు అనేది కర్రలో ఉండదు, చేతుల్లో ఉంటుంది. ఈ ఒక్క భేదం స్పష్టమైతే పాఠం సగం తేలికవుతుంది.

ఇటువంటి మాటలను సేకరించే సంప్రదాయం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. ఖైరతాబాద్‌ను ఆనుకొని ఉన్న సైఫాబాద్ కళాభవన్‌లో కార్యాలయం నడిపిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలను వెలువరించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతులు, నేతగాళ్ల నోటి నుంచి నేరుగా పదాలను సేకరించడం వాటి ప్రత్యేకత. ఒక కొత్త చేతివిద్యను తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు సంస్కృత సమాసాలను కల్పించే ముందు ఆ పాత వృత్తుల భాష వైపు చూడడం ఉచితం.

3. ముఖం ఉన్న కర్ర:
తెలంగాణలో చిర్రగోనె అని, కోస్తాలో బిళ్ళంగోడు అని పిలిచే ఆటలో కర్ర గుండ్రంగా ఉంటుంది. దానికి ముఖం లేదు. ఎటు తిప్పి పట్టుకున్నా పుల్లకు తగిలే పక్క ఒకేలా ఉంటుంది కనుక ఆ ఆటలో పట్టు గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు. గొడ్డలి అలా కాదు. దానికి అంచు ఉంది, అంచుకు దిశ ఉంది. అందుకే గొడ్డలి కామను గుండ్రంగా కాక కోలగా చెక్కుతారు. చూడకుండా పట్టుకున్నా అంచు ఎటు ఉన్నదో అరచేతికి తెలుస్తుంది.

గోల్ఫ్ కర్ర ఈ రెండింటి నడుమ విచిత్రమైన స్థితిలో ఉంది. గొడ్డలిలా దానికి ముఖం ఉంది. బిళ్ళంగోడు కర్రలా దాని పిడి గుండ్రంగా ఉంది. ఇది ఆట నియమాలు కావాలని పెట్టిన షరతు. పచ్చికపై బంతిని మెల్లగా దొర్లించే పట్టర్ తప్ప మిగిలిన కర్రలన్నింటి పిడి అడ్డుకోతలో గుండ్రంగానే ఉండాలి. పొడవునా తిన్నగా సాగే కొద్దిపాటి ఉబ్బు గీతకు మాత్రమే అనుమతి ఉంది. వేళ్లు ఇమిడేలా గుంటలు పెట్టి పిడిని మలచకూడదు. అంటే సాధనం చేతికి దారి చూపదు. చేయే దారి వెతుక్కోవాలి.

ఆ దారి తప్పితే దిద్దుకునే వ్యవధి కూడా ఉండదు. కర్ర ముఖం బంతిని తాకి ఉండే కాలం సుమారు సెకనులో రెండువేలవ వంతు. కనీసం 42.67 మిల్లీమీటర్ల వ్యాసం, గరిష్ఠంగా 45.93 గ్రాముల బరువు ఉండవలసిన ఆ చిన్న బంతి, ఆ క్షణంలో ముఖం ఎటు చూస్తున్నదో దాదాపు అటే బయలుదేరుతుంది. ఆ క్షణంలో ముఖం ఎటు చూడాలో చాలావరకు ముందే, కదలకుండా నిలబడి పట్టు పట్టినప్పుడే, నిర్ణయమై ఉంటుంది. శిక్షకులు మొదటి పాఠంగా పట్టునే ఎంచుకోవడానికి ఇదే కారణం. అమెరికన్ క్రీడాకారుడు బెన్ హోగన్ 1957లో ప్రచురించిన అయిదు పాఠాల పుస్తకం కూడా పట్టుతోనే మొదలవుతుంది.

4. పట్టు పట్టే విధానం:
4.1 పై చేయి, కింది చేయి:
గోల్ఫ్ కర్రను రెండు చేతులతో పట్టుకుంటారు. కుడిచేతి వాటం ఉన్నవారికి ఎడమ చేయి పిడి చివర, పైన ఉంటుంది; కుడి చేయి దాని కింద ఉంటుంది. ఎడమచేతి వాటం ఉన్నవారికి ఇది తారుమారవుతుంది. కుడి, ఎడమ అని చెబితే సగం మందికి కాకపోయినా కొందరికైనా పాఠం తప్పుగా అందుతుంది. అందువల్ల ‘పై చేయి’, ‘కింది చేయి’ అనడం మేలు. లక్ష్యాన్ని, అంటే బంతి చేరవలసిన చోటును ప్రమాణంగా తీసుకుంటే పై చేయి లక్ష్యానికి దగ్గరి చేయి, కింది చేయి లక్ష్యానికి దూరపు చేయి అవుతాయి.

4.2 పై చేతి పట్టు:
మొదట కర్ర తలను నేలకు ఆనించి, ముఖం లక్ష్యానికి ఎదురుగా ఉండేలా నిలపాలి. పై చేతిని భుజం నుంచి సహజంగా వేలాడనివ్వాలి. అలా వేలాడే చేయి ఎటు తిరిగి ఉన్నదో అదే వాలులో పిడి దగ్గరకు తేవాలి. పిడి చివర ఒక వేలి మందం వదిలిపెట్టాలి.

ఇప్పుడు పిడిని వేళ్ల మీదుగా ఏటవాలుగా ఆనించాలి. చూపుడు వేలి నడిమి కణుపు దగ్గర మొదలై, చిటికెన వేలి కింద అరచేతి చివర మెత్తగా ఉబ్బి ఉండే కండకు దిగువన అది చేరాలి. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వారు పిడిని అరచేతి మధ్యలో అడ్డంగా పెట్టి రోకలి పట్టినట్టు పిడికిలి బిగిస్తారు. రోకలికి ఆ పట్టు సరిపోతుంది, ఎందుకంటే దంచేటప్పుడు మణికట్టు పెద్దగా మడవనక్కరలేదు. గోల్ఫ్‌లో కర్ర వెనక్కి లేచేటప్పుడు మణికట్టు మడవాలి, కిందికి దిగేటప్పుడు విచ్చుకోవాలి. పిడి అరచేతిలో ఇరుక్కుంటే ఆ కదలిక ఆగిపోతుంది.

ఆనించిన పిడి చుట్టూ చివరి మూడు వేళ్లను చుట్టాలి. అరచేతి చివరి కండను పిడి మీద మోపాలి. బొటనవేలిని పిడి పైన సరిగ్గా నడుమ కాక, లక్ష్యానికి అవతలి వైపుకు కొద్దిగా జరిపి పెట్టాలి. ఇది సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. మిగిలిన వేళ్లను వదిలేసి, చూపుడు వేలి కొక్కేనికీ అరచేతి చివరి కండకూ మధ్యనే కర్రను లేపి చూడాలి. పడిపోకుండా నిలిస్తే పిడి ఉండవలసిన చోటే ఉన్నదని అర్థం. నిలవకపోతే అది అరచేతిలోకి జారిందన్నమాట.

4.3 కింది చేతి పట్టు:
కింది చేతిని చేర్చేటప్పుడు తెలుగువారికి బాగా తెలిసిన ఒక ముద్ర సాయపడుతుంది. నమస్కారంలో రెండు అరచేతులు ఎదురెదురుగా ఉంటాయి. పిడిని నడుమ ఉంచి నమస్కరించి, ఒక చేతిని మెల్లగా కిందికి జార్చినట్టు ఊహించుకుంటే రెండు చేతుల అమరిక తెలుస్తుంది. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటేనే రెండు మణికట్లూ ఒక మడతబందులా కలిసి పనిచేస్తాయి. ఒకటి పైకి, ఒకటి పక్కకు చూస్తుంటే రెండు చేతులూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

కింది చేతిలో పిడి పూర్తిగా వేళ్లలోనే ఉండాలి. అసలు పట్టు నడిమి వేలిది, ఉంగరపు వేలిది. ఆ అరచేతిలోని పల్లం పై చేతి బొటనవేలిని కప్పుతుంది. చూపుడు వేలు మిగిలిన వేళ్ల నుంచి కొద్దిగా ఎడంగా, కొక్కెంలా వంగి పిడికి ఆనుతుంది. బొటనవేలు పిడి మీద లక్ష్యం వైపుకు కొద్దిగా వాలి ఉంటుంది.

4.4 రెండు చేతులు కలిసే చోటు:
రెండు చేతులు ఎలా కలవాలన్న దానిలో మూడు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. మొదటిదానిలో కింది చేతి చిటికెన వేలు, పై చేతి చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య ఉన్న గాడిలో పైన ఆనుతుంది. దీనిని ‘ఆనుపట్టు’ అనవచ్చు. 1896 నుంచి 1914 వరకు బ్రిటిష్ ఓపెన్‌ను ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ పేరు మీదుగా ఇది ప్రసిద్ధమైంది. అతనికి ముందే 1889, 1891 సంవత్సరాల్లో అమెచ్యూర్ విజేత అయిన జానీ లెయిడ్లే ఈ పట్టును వాడాడు. పేరు కనిపెట్టినవానికి కాక, నలుగురికీ చూపినవానికి దక్కింది.

రెండోది ‘పెనపట్టు’. ఇందులో కింది చేతి చిటికెన వేలు, పై చేతి చూపుడు వేలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. 18 ప్రధాన టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్, 15 గెలిచిన టైగర్ వుడ్స్ ఇద్దరిదీ ఈ పట్టే. వేళ్లు పొట్టిగా ఉన్నవారికి ఇది వాటంగా ఉంటుందని చెబుతారు. మూడోది ‘పదివేళ్ల పట్టు’. వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా పదీ పిడినే తాకుతాయి. 1959లో అమెరికా పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచిన బాబ్ రోస్‌బర్గ్ దీనిని వాడాడు. చిన్నపిల్లలకు, చేతుల్లో బలం తక్కువగా ఉన్నవారికి ఇది తేలిక. మూడింటి ప్రయోజనమూ ఒకటే: రెండు చేతులు ఒక చేయిగా పనిచేయడం. గొడ్డలి వేటుతో దీనిని పోల్చి చూడవచ్చు. గొడ్డలి ఎత్తేటప్పుడు ఎడంగా ఉన్న ఒక చేయి, వేటు దిగేటప్పుడు కామ మీద జారి రెండో చేతిని చేరుతుంది. గోల్ఫ్‌లో ఆ కలయిక మొదటి నుంచే ఉంటుంది.

5. వాలు, బిగి – వేరుచేయవలసిన రెండు విషయాలు:
ఇంగ్లీషు పరిభాష కొత్తవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ చోటే. రెండు చేతులను పిడి మీద లక్ష్యానికి అవతలి వైపుకు ఎక్కువగా తిప్పి పట్టుకుంటే దానిని ‘స్ట్రాంగ్ గ్రిప్’ అంటారు. లక్ష్యం వైపుకు తిప్పితే ‘వీక్ గ్రిప్’, మధ్యస్థంగా ఉంటే ‘న్యూట్రల్ గ్రిప్’. వీటికీ చేతిలోని బలానికీ సంబంధం లేదు. ‘స్ట్రాంగ్ గ్రిప్’ను ‘బలమైన పట్టు’ అని అనువదిస్తే నేర్చుకునేవాడు వెంటనే పిడికిలి బిగిస్తాడు. అలా బిగించడం అసలు దోషాల్లో మొదటిది.

తెలుగులో ఈ రెండింటినీ వేర్వేరు పేర్లతో పిలవడం అవసరం. చేతులు పిడి మీద ఎటు తిరిగి ఉన్నాయన్నది ‘పట్టు వాలు’. పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నామన్నది ‘పట్టు బిగి’. వాలును కంటితో కొలవవచ్చు. కుడిచేతి వాటం ఆటగాడు తల వంచి చూసుకున్నప్పుడు ఎడమ చేతి మీద చూపుడు, నడిమి వేళ్ల మొదళ్లలోని రెండు మెటికలు కనిపిస్తే సమవాలు. మూడో, నాలుగో కనిపిస్తే చేతులు కుడికి వాలాయి. ఒకటే కనిపించినా, అసలు కనిపించకపోయినా ఎడమకు వాలాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పంగలకర్ర చీలికలాంటి ఒక సందు ఏర్పడుతుంది. సమవాలులో రెండు చేతుల సందులూ గడ్డానికీ కుడి భుజానికీ నడుమ చూపిస్తాయి.

వాలు ఫలితం బంతి దారిలో కనిపిస్తుంది. చేతులు కుడికి ఎక్కువగా వాలితే, బంతిని తాకే వేళకు కర్ర ముఖం ఎడమకు మూసుకుంటుంది. బంతి ఎడమకు వంగుతుంది. దీనిని హుక్ అంటారు. ఎడమకు ఎక్కువగా వాలితే ముఖం తెరుచుకుని బంతి కుడికి వంగుతుంది. ఇది స్లైస్. కొత్తవారిలో ఎక్కువమందిని వేధించేది ఈ స్లైసే. బంతి కుడికి పోతున్నదని వారు ఎడమకు తిరిగి నిలబడతారు. తప్పు కాళ్లలో లేదు, చేతుల్లో ఉన్నదని ఆలస్యంగా గ్రహిస్తారు.

బిగిని కంటితో చూడలేం. అందుకే శిక్షకులు ఉపమానాలను ఆశ్రయిస్తారు. పక్షిపిల్లను పట్టుకున్నట్టు పట్టాలన్న పోలిక అమెరికన్ క్రీడాకారుడు శామ్ స్నీడ్ పేరుతో ప్రచారంలో ఉంది: ఎగిరిపోకూడదు, నలగకూడదు. తెలుగులో ఈ భావానికి ఉపమానం కూడా అక్కరలేదు, ‘పట్టువిడుపు’ అనే మాట ఉంది. సంక్రాంతి రోజుల్లో అమీర్‌పేట మిద్దెల మీద పతంగి ఎగరేసే పిల్లలకు దాని అర్థం చేతుల్లోనే ఉంటుంది. దారం బిగబట్టే ఉంచితే తెగుతుంది, వదిలేస్తే పతంగి వాలిపోతుంది. గోల్ఫ్‌లోనూ పై చేతి చివరి మూడు వేళ్లలో పట్టు, ముంజేతుల్లో విడుపు ఉండాలి. మొదట ఎంత బిగితో పట్టుకున్నామో దెబ్బ పూర్తయ్యేవరకు దాదాపు అదే బిగి నిలవాలి. మధ్యలో ఒక్కసారిగా బిగిస్తే మణికట్టు కొయ్యబారి ముఖం దిశ మారుతుంది.

అతిబిగి నష్టం బంతికే పరిమితం కాదు. మోచేతి లోపలివైపు స్నాయువులు ఒత్తిడికి గురై వచ్చే నొప్పికి ‘గోల్ఫర్స్ ఎల్బో’ అని పేరు. గోల్ఫ్ ముఖం చూడని వడ్రంగులకు, తాపీపనివారికి కూడా ఇది వస్తుంది. పంజాగుట్టలోని నిమ్స్ మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా వెలిసింది. అటువంటి ఆస్పత్రికి వచ్చే తెలుగు రోగి ఆ వ్యాధి పేరు చెప్పడు. సలుపుతున్నదనో, గుంజుతున్నదనో, పోటు పెడుతున్నదనో, తిమ్మిరెక్కిందనో చెబుతాడు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు అనుభవాలు. శరీరానికి సంబంధించిన సూక్ష్మభేదాలను తెలుగు ఎక్కువగా క్రియల్లో దాచుకుంటుందని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

6. బోధనాభాష – అమీర్‌పేట చూపిన దారి, దాని హద్దు:
సాంకేతిక విద్యను తెలుగు వాక్యంలో చెప్పవచ్చునని పెద్ద ఎత్తున చూపిన చోటు అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లోని శిక్షణ సంస్థల్లో జిల్లాల నుంచి వచ్చిన యువకులు సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. అక్కడి బోధనలో వాక్యనిర్మాణం తెలుగుది, సాంకేతిక పదాలు ఇంగ్లీషువి. ‘క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేస్తే మెథడ్స్ అన్నీ వచ్చేస్తాయి’ అనే తరహా వాక్యం ఆ బోధనకు నమూనా. శుద్ధవాదులు దీనిని సంకరభాష అనవచ్చు గానీ, అది తన పని తాను చేసింది.

గోల్ఫ్ పట్టును కూడా ఇలాగే చెప్పవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ‘లెఫ్ట్ హ్యాండ్‌తో గ్రిప్ చేసి, లిటిల్ ఫింగర్‌ను ఓవర్‌ల్యాప్ చేసి, రిలాక్స్ చెయ్యి’ అంటే అర్థం కాకపోదు. ఇందులో ఒక వ్యాకరణ విషయం గమనించాలి. ఇంగ్లీషు క్రియ తెలుగులోకి క్రియగా రాదు. అది నామంగా మారి ‘చేయు’, ‘అవు’ అనే సహాయక్రియల ఆసరాతో నిలుస్తుంది. ‘ఎక్స్‌టెండ్ చేయు’లో ఇది నష్టం కలిగించదు. ఎందుకంటే పని కంప్యూటర్ తెర మీద జరుగుతుంది, ఎలా జరిగిందో తెరే చూపిస్తుంది. ‘గ్రిప్ చేయు’లో నష్టం ఉంది. ‘చేయు’ అనే క్రియకు బిగి లేదు, వాలు లేదు, వేలు లేదు. చేయి ఎంత ఒత్తిడితో, ఏ భాగంతో, ఏ తీరున కదలాలో అది చెప్పదు.

తెలుగు క్రియలను ఒత్తిడి క్రమంలో పేర్చి చూస్తే ఈ భేదం తేటపడుతుంది: తాకు, ఆను, మోపు, పట్టు, బిగించు, నొక్కు, అదుము, పిండు. ఒక్కొక్క మాట దగ్గర చేయి ఒక్కొక్క మెట్టు బిగుస్తుంది. వేళ్లు కదిలే తీరుకు మరొక వరస ఉంది: చుట్టు, పెనవేయు, మెలివేయు, ఇముడ్చు, ఒడిసిపట్టు. పైన 4వ భాగంలోని వివరణ మొత్తం ఈ క్రియల మీదనే నిలిచింది. పిడిని ఆనించాలి, వేళ్లను చుట్టాలి, కండను మోపాలి, బొటనవేలిని కప్పాలి. ‘ఆనించు’ బదులు ‘నొక్కు’ అంటే పట్టు చెడిపోతుంది. మాట మారితే చేయి మారుతుంది. కనుక గోల్ఫ్, క్లబ్, హుక్, స్లైస్ వంటి నామాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకోవడంలో దోషం లేదు. క్రియలను మాత్రం తెలుగులోనే ఉంచాలి.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మొదలుకొని మన పరిభాషాకృషి చాలావరకు నామాల మీదనే సాగింది. భావానికి, వస్తువుకు, వ్యాధికి పేరు పెట్టడం దాని ప్రధాన లక్ష్యం. పాఠ్యపుస్తకానికి అది తప్పనిసరి. చేతివిద్యకు మాత్రం క్రియల పట్టిక కూడా కావాలి.

7. ‘సరైన పట్టు’ అనడంలోని చిక్కు:
ఇంతవరకు చెప్పిన పట్టు ‘సరైనది’ అనడం ఎంతవరకు న్యాయమో పరీక్షించడానికి దక్షిణాఫ్రికా చరిత్ర ఒక సందర్భాన్ని ఇస్తుంది. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడతో నేటాల్‌కు భారతీయ ఒప్పంద కూలీల వలస మొదలైంది. వారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నది. ఆ నేటాల్ భారతీయ సమాజం నుంచే, ఉత్తరభారత మూలాలున్న సెవ్‌సంకర్ సెవ్‌గోలమ్ అనే గోల్ఫ్ ఆటగాడు వచ్చాడు. లోకం అతనిని పాప్వా అని పిలిచింది. చదువు అందని అతడు డర్బన్‌లో క్యాడీగా పనిచేస్తూ చూసి నేర్చుకున్నాడు. కుడిచేతి వాటంతో ఆడుతూనే, అందరూ పట్టేదానికి వ్యతిరేకంగా కుడి చేతిని పైన, ఎడమ చేతిని కింద ఉంచేవాడు. ఏ శిక్షకుడైనా మొదటిరోజే దిద్దే తప్పు అది.

ఆ పట్టుతోనే అతడు 1959, 1960, 1964 సంవత్సరాల్లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నేటాల్ ఓపెన్ గెలిచినప్పుడు, వర్ణవివక్ష చట్టాల వల్ల క్లబ్ భవనంలోకి అతనికి ప్రవేశం లేకపోయింది. బహుమతిని బయట వానలో అందుకున్నాడు. 1965లో గ్యారీ ప్లేయర్‌ను ఓడించి అదే టైటిల్‌ను మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత ప్రభుత్వం అతనిని పోటీలకు దూరం చేసింది. 1978లో పేదరికంలో మరణించాడు.

ఈ ఉదంతం నుంచి ‘ఎలా పట్టుకున్నా ఫరవాలేదు’ అనే నిర్ణయానికి రావడం పొరపాటు. పాప్వా పట్టులోనూ పిడి వేళ్లలో ఇమిడింది, రెండు చేతులు ఒకటిగా పనిచేశాయి, బంతిని తాకే వేళకు ముఖం లక్ష్యాన్ని చూసింది. పై చేయి ఏది, కింది చేయి ఏది అన్నది మారింది. పట్టు చేయవలసిన పని మారలేదు. దీనిని బట్టి ‘సరైన పట్టు’కు రూపం కంటే ప్రయోజనమే ప్రమాణమని తెలుస్తుంది. పుస్తకాల్లోని రూపం ఆ ప్రయోజనాన్ని ఎక్కువమందికి తేలికగా సాధించిపెట్టే దారి. అది ఎందుకో చెప్పకుండా రూపాన్ని మాత్రమే నేర్పితే శిష్యుడు అనుకరిస్తాడు. ఎందుకో అతని భాషలో చెబితే తన చేతికి తగినట్టు సవరించుకుంటాడు.

8. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:
1. గోల్ఫ్ కర్రకు ముఖం ఉండి, పిడి మాత్రం నియమాల ప్రకారం గుండ్రంగా ఉండడం వల్ల పట్టు ఈ ఆటలో మొదటి పాఠమైంది.
2. సరైన పట్టులో పిడి అరచేతిలో కాక వేళ్లలో ఆనుతుంది, అరచేతులు ఎదురెదురుగా ఉంటాయి, రెండు చేతులూ ఒకటిగా కదులుతాయి.
3. ‘స్ట్రాంగ్’, ‘వీక్’ అనే ఇంగ్లీషు పేర్లను తెలుగులోకి నేరుగా మార్చకూడదు. ‘పట్టు వాలు’, ‘పట్టు బిగి’ అనే రెండు పేర్లు ఆ గందరగోళాన్ని తొలగిస్తాయి.
4. పిడి, కామ, ఆనించు, మోపు, పెనవేయు, పట్టువిడుపు వంటి మాటలు వ్యవసాయ, గృహ వృత్తుల నుంచి కొత్త ఆటకు తేలికగా అన్వయిస్తాయి.
5. చేతివిద్యా బోధనలో నామాలను అరువు తెచ్చుకోవచ్చు. క్రియలను అరువు తెచ్చుకుంటే ఒత్తిడి, దిశ, కదలికలకు సంబంధించిన సమాచారం లోపిస్తుంది.

ఈ నిర్ధారణ గోల్ఫ్‌కు మాత్రమే సంబంధించినది కాదు. వైద్యశాలలో సూది పట్టడం, కార్ఖానాలో లేత్ నడపడం, సంగీతశాలలో వయొలిన్ కమాను పట్టడం అన్నీ చేతివిద్యలే. వాటిని నేర్పే నిపుణులు తెలుగులో వాడే క్రియలను సేకరించి, ఒత్తిడి, కదలికల వారీగా వర్గీకరించే పరిశోధన ఇంకా జరగవలసి ఉంది. పాత వృత్తిపదకోశాలు రైతు, నేతగాడు దగ్గర మొదలుపెట్టిన పనిని మైదానంలో సంచి మోసే కుర్రవాడి దాకా కొనసాగించడం తెలుగు శాఖల ముందున్న పని. అతని చేతికి ఆట ఇప్పటికే తెలుసు. ఆ తెలివికి అతని భాషలో మాట దొరికితే మరొకరికి నేర్పగలుగుతాడు.